డొమైన్ పేరు ఎవరి చేతిలో ఉంది? పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఇంటర్నెట్ చిరునామాల గురించి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చాము. రాసినవారిలో ఎక్కువమంది చిన్న వ్యాపారులు. దుకాణానికో, మగ్గాలకో, కుట్టుపని యూనిట్‌కో వెబ్‌సైట్ పెట్టించుకున్నవారు, లేదా పెట్టించుకోబోతున్నవారు. అడిగిన తీరు వేరైనా చాలా ఉత్తరాల్లో కనిపించే చిక్కు ఒకటే: డబ్బు కట్టింది తామే అయినా, పేరు ఎవరి పేరిట నమోదైందో వారికి తెలియదు. అందువల్ల పదాల అర్థాలు వివరించేటప్పుడు కూడా ఆ సంగతిని వదలకుండా సమాధానాలు రాశాము. ఉత్తరాలు రాసినవారి పేర్లను, వారి వెబ్‌సైట్ల పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న (రాయదుర్గం నుంచి దుస్తుల తయారీదారు ఒకరు): మాకు జీన్స్ కుట్టించే చిన్న యూనిట్ ఉంది. వెబ్‌సైట్ గురించి తెలిసినవారిని అడిగితే డొమైన్‌కు ఇంత, హోస్టింగ్‌కు ఇంత, డిజైన్‌కు ఇంత అని మూడు లెక్కలు చెప్పారు. ఒక్క వెబ్‌సైట్‌కు మూడు ఖర్చులు ఎందుకండీ?

జవాబు: ఆ మూడు లెక్కలూ న్యాయమైనవే. మీ వెబ్‌సైట్‌లో కనిపించే ఫోటోలు, ధరలు, వివరాలు అన్నీ ఫైళ్ల రూపంలో ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఉండాలి. రాత్రింబవళ్లు నడుస్తూ, అడిగినవారికల్లా ఆ ఫైళ్లను పంపే కంప్యూటర్‌ను సర్వర్ అంటారు; అందులో చోటు ఇచ్చినందుకు కట్టే అద్దె హోస్టింగ్ ఖర్చు. ఆ ఫైళ్లను తయారుచేసి పెట్టినందుకు ఇచ్చేది డిజైన్ ఖర్చు. డొమైన్ ఈ రెండింటికీ చెందనిది, విడిగా నమోదయ్యే పేరు.

పేరు విడిగా ఎందుకు ఉండాలంటే, ప్రతి సర్వర్‌కూ ఐపీ అడ్రస్ అనే అంకెల గుర్తు ఉంటుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతిలో అది చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. కంప్యూటర్లకు అది చాలు గానీ కొనేవారు దాన్ని గుర్తుపెట్టుకోలేరు, పైగా మీరు హోస్టింగ్ కంపెనీని మార్చిన రోజున ఆ అంకెలు కూడా మారిపోతాయి. పేరును అంకెలతో జతపరిచే ఏర్పాటే డొమైన్ నేమ్ సిస్టమ్, పొట్టిగా డీఎన్‌ఎస్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ కాలంలో కంప్యూటర్లు కొన్నే ఉండేవి కాబట్టి, పేర్ల జాబితా మొత్తం కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఫైలుగా ఉండేది, మిగిలినవారంతా దానికి నకలు తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ ఒక్క ఫైలును తాజాగా ఉంచడం ఎవరి వల్లా కాకుండా పోయింది. 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్ ఆ జాబితాను భాగాలుగా విడదీసి, ఏ భాగానికి ఎవరు బాధ్యులో నిర్ణయించి, ఆ బాధ్యతను ప్రపంచమంతటా పంచింది. నేటికీ నడుస్తున్నది ఆ పద్ధతే.

మీ డొమైన్ ఖాతా తెరిస్తే నేమ్ సర్వర్లు అనే శీర్షిక కింద రెండో మూడో పేర్లు కనిపిస్తాయి. మీ పేరుకు సంబంధించిన వివరాలు ఎక్కడ అడగాలో అవి చెబుతాయి. అక్కడ దాచిన ఒక్కొక్క వివరాన్ని రికార్డు అంటారు. వెబ్‌సైట్ ఏ ఐపీ అడ్రస్‌లో ఉందో చెప్పేది ఎ రికార్డు, ఈమెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేది ఎమ్‌ఎక్స్ రికార్డు. వెబ్‌సైట్ ఒక కంపెనీ దగ్గర, ఈమెయిల్ మరొక కంపెనీ దగ్గర, డొమైన్ ఇంకొక కంపెనీ దగ్గర ఉండటానికి వీలు కలిగింది ఈ రికార్డుల వల్లనే. హోస్టింగ్ నచ్చకపోతే ఫైళ్లను కొత్త చోటికి చేర్చి ఎ రికార్డును మారిస్తే సరిపోతుంది. మీ పేరు, మీ విజిటింగ్ కార్డు, మీ సంచులపై అచ్చు వేయించిన చిరునామా ఏవీ మారనక్కరలేదు. రికార్డు మార్చిన వెంటనే కొందరికి కొత్త సైటు, కొందరికి పాత సైటు కనిపిస్తే కంగారు పడకండి. ఒక జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే టీటీఎల్ అనే గడువు ప్రతి రికార్డుకూ ఉంటుంది, అది తీరేదాకా మధ్యనున్న సర్వర్లు పాత చిరునామానే చూపిస్తాయి. మామూలుగా కొన్ని గంటల్లో, అరుదుగా ఒకటి రెండు రోజుల్లో అది సర్దుకుంటుంది.

డిజైన్, హోస్టింగ్ పనులను మీకు ఆ లెక్కలు చెప్పినవారికే అప్పగించండి, అందులో తప్పు లేదు. డొమైన్‌ను మాత్రం మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీరు తెరిచిన ఖాతాలో మీరే నమోదు చేసుకోండి. యూపీఐతో కరెంటు బిల్లు కట్టగలిగినవారికి అది కష్టమైన పని కాదు.

ప్రశ్న (కడప నుంచి డిగ్రీ విద్యార్థిని): రిజిస్ట్రీ, రిజిస్ట్రార్, రిజిస్ట్రెంట్ అనే మాటలు వింటే ఒకేలా ఉన్నాయి. వీటి మధ్య తేడా ఏమిటి? వీటన్నింటి పైన ఎవరు ఉంటారు?

జవాబు: పై నుంచి కిందికి వస్తే సులువుగా అర్థమవుతుంది. అన్నింటికన్నా పైన ఉండేది రూట్ అనే చిన్న జాబితా. డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ ఇన్ వంటి చివరి భాగాల వివరాలను ఎవరిని అడగాలో మాత్రమే అందులో ఉంటుంది. ఆ జాబితాను అందించే రూట్ సర్వర్లకు ఎ నుంచి ఎమ్ వరకు 13 అక్షరాల పేర్లు ఉన్నాయి. ఒక్కొక్క పేరు కింద ప్రపంచమంతటా అనేక యంత్రాలు పనిచేస్తాయి. పేరు చివర వచ్చే భాగాన్ని టాప్ లెవెల్ డొమైన్, అంటే టీఎల్‌డీ అంటారు. ఒక దేశానికి కేటాయించిన రెండక్షరాల టీఎల్‌డీని కంట్రీ కోడ్ అని, డాట్ కామ్ వంటివాటిని జెనరిక్ అని విడదీస్తారు. ఈ ఏర్పాటును సమన్వయపరిచే సంస్థ 1998లో కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడిన ఐకాన్. అంతకుముందు ఈ పనిలో చాలా భాగం జాన్ పోస్టెల్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో జరిగేది. 2016 అక్టోబరు 1 నుంచి అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ కూడా తొలగిపోయింది.

ఒక టీఎల్‌డీ కింద నమోదైన పేర్లన్నింటి అసలు చిట్టాను నిర్వహించే సంస్థ రిజిస్ట్రీ. డాట్ కామ్‌కు, డాట్ నెట్‌కు వెరిసైన్ అనే కంపెనీ, డాట్ ఆర్గ్‌కు పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ, డాట్ ఇన్‌కు 2003లో ఏర్పడిన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ, రిజిస్ట్రీలుగా ఉన్నాయి. రిజిస్ట్రీ సాధారణంగా మనతో నేరుగా లావాదేవీ జరపదు. దాని దగ్గర అనుమతి పొంది, మన దగ్గర రుసుము తీసుకుని, మన వివరాలను చిట్టాలో ఎక్కించే కంపెనీ రిజిస్ట్రార్. ఆ రిజిస్ట్రార్ తరఫున చిన్న ఊళ్లలో కూడా అమ్మకం సాగించేవారు రీసెల్లర్లు. చివరగా, పేరును తన పేరిట నమోదు చేసుకున్న వ్యక్తి లేదా సంస్థ రిజిస్ట్రెంట్.

మీ ప్రశ్నలో లేని మరొక మాటను ఇక్కడే చెప్పాలి. డొమైన్ కొన్నామని అందరూ అంటారు గానీ, అక్కడ జరిగేది కొనుగోలు కాదు. మునిసిపాలిటీ దుకాణ సముదాయంలో గదిని లీజుకు తీసుకున్న వ్యాపారికి ఎటువంటి హక్కు ఉంటుందో, రిజిస్ట్రెంట్‌కు ఉన్నది కూడా అటువంటి హక్కే: గడువులోపు రుసుము కట్టినంతకాలం మరొకరు అందులోకి రాలేరు, కట్టడం మానేస్తే ఎన్నేళ్లుగా ఉన్నవారైనా ఖాళీ చేయవలసిందే. డాట్ కామ్ వంటి పేర్లను ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు నమోదు చేసుకోవచ్చు. శాశ్వతంగా ఇస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. లీజు పత్రంలో ఎవరి పేరు ఉందన్నది ఎంత ముఖ్యమో, రిజిస్ట్రెంట్ అన్న చోట ఎవరి పేరు ఉందన్నది అంత ముఖ్యం.

ప్రశ్న (ఎమ్మిగనూరు నుంచి చేనేత కుటుంబానికి చెందిన ఒకరు): మేము నేసిన చీరలను నేరుగా అమ్ముకోవాలని అనుకుంటున్నాము. డాట్ కామ్ తీసుకోవాలా, డాట్ ఇన్ తీసుకోవాలా, కో డాట్ ఇన్ తీసుకోవాలా? ఊరి పేరు కలిపి పెట్టుకోవచ్చా?

జవాబు: మీ కొనుగోలుదారులు ప్రధానంగా మన దేశంలోనివారే అయితే డాట్ ఇన్ చక్కగా సరిపోతుంది. 2005లో నిబంధనలు సడలించిన తరువాత దాన్ని ఎవరైనా నేరుగా నమోదు చేసుకోవచ్చు. కో డాట్ ఇన్, ఫర్మ్ డాట్ ఇన్, జెన్ డాట్ ఇన్, ఆర్గ్ డాట్ ఇన్ వంటివి దాని కింద ఉండే విభాగాలు. అవి కూడా అందరికీ లభిస్తాయి, కానీ పేరు పొడవవుతుంది. డాట్ కామ్‌కు ఉన్న ప్రత్యేకత అలవాటే. 1985 మార్చి 15న అమెరికాలోని సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీ మొదటి డాట్ కామ్ పేరును నమోదు చేసుకున్నప్పటి నుంచి వ్యాపారమంటే డాట్ కామ్ అన్న భావన జనంలో స్థిరపడిపోయింది. పేరు విన్నవారు చివర కామ్ అనే టైపు చేస్తారు. రెండూ ఖాళీగా ఉంటే రెండూ తీసుకుని, ఒకదాన్ని రెండోదానికి మళ్లించుకోవడం మంచిదని నా అభిప్రాయం. డాట్ ఆర్గ్ అని ఉన్నంత మాత్రాన అది సేవాసంస్థ అని ఎవరూ తనిఖీ చేసి ఇవ్వరని కూడా గమనించండి. తనిఖీ చేసి ఇచ్చేవి వేరే ఉన్నాయి: గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ శాఖలకు, ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలకు మాత్రమే లభిస్తాయి.

పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్ ఉండవచ్చు. హైఫన్ మొదట గానీ చివర గానీ రాకూడదు. రెండు చుక్కల మధ్య భాగం 63 అక్షరాలు మించకూడదు. పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా లేదు.

ఊరి పేరు కలిపేటప్పుడు మాత్రం బాగా ఆలోచించండి. మన ప్రాంతపు పేర్లను ఇంగ్లీషులో అందరూ ఒకేలా రాయరు. ఎమ్మిగనూరును వై అక్షరంతో మొదలుపెట్టేవారు కొందరు, ఇ అక్షరంతో మొదలుపెట్టేవారు కొందరు. అనంతపురంలో టి తరువాత హెచ్ రాసేవారూ ఉన్నారు, రాయనివారూ ఉన్నారు; చివర పూర్ అనేవారు, పురం అనేవారు, పురము అనేవారు వేరు. కడపను సి అక్షరంతో, రెండు డి లతో రాసే పాత పద్ధతి 2005లో అధికారికంగా మారినా, పాత బోర్డుల మీద, పాత పుస్తకాలలో అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. మీ పేరును ఫోనులో ఒకసారి చెప్పి, అవతలివారు ఏమి రాసుకున్నారో చదివి వినిపించమనండి. ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా రాస్తే ఆ పేరు మార్చుకోవడమే మేలు. వీలుకాకపోతే ఎక్కువగా వాడుకలో ఉన్న రెండు వర్ణక్రమాలనూ మీరే నమోదు చేసుకోండి. రెండోది ఇంకొకరి చేతిలో పడితే మీ కోసం వెతుక్కుంటూ వచ్చేవారు వారి దగ్గరికి వెళ్తారు.

ధర విషయంలో ఒక్కమాట. మొదటి ఏడాదికి చాలా తక్కువ ధర చూపించి, రెండో ఏడాది నుంచి అనేక రెట్లు వసూలు చేసే పద్ధతి ఈ రంగంలో సాధారణం. డబ్బు కట్టే ముందు రెన్యువల్ ధర ఎంతో చూడండి.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి నగల దుకాణం యజమాని): కొన్నేళ్ల కిందట మా దుకాణానికి వెబ్‌సైట్ చేయించాము. చేసిన అతను డొమైన్‌ను తన పేరిటే తీసుకున్నాడని ఇప్పుడు తెలిసింది. వేరేవారికి పని అప్పగిద్దామంటే ఫోను ఎత్తడం లేదు. ఎత్తినప్పుడు పెద్ద మొత్తం అడుగుతున్నాడు. దుకాణం పేరు మా నాన్నగారి కాలం నుంచీ మాదే. మేము ఏం చేయాలి?

జవాబు: ఇటువంటి ఉత్తరాలు మీదొక్కటే కాదు, అందుకే దీనికి కొంచెం విస్తారంగా సమాధానం రాస్తున్నాము.

ముందుగా రికార్డు చూడండి. డొమైన్ వివరాలను బయటివారు చూడటానికి హూయిజ్ అనే పాత ఏర్పాటు ఉండేది. డాట్ కామ్ వంటి పేర్ల విషయంలో 2025 జనవరి నుంచి దాని స్థానాన్ని ఆర్‌డీఏపీ అనే కొత్త పద్ధతి అధికారికంగా తీసుకుంది. ఐకాన్ వారి లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు టైపు చేస్తే రిజిస్ట్రార్ ఎవరు, ఎప్పుడు నమోదైంది, గడువు ఎప్పుడు తీరుతుంది, నేమ్ సర్వర్లు ఏవి అన్న వివరాలు వస్తాయి. రిజిస్ట్రెంట్ పేరు దాచి ఉండవచ్చు, అయినా మిగిలిన వివరాలే మీకు ఇప్పుడు కావలసినవి. ఆ పేజీని తేదీతో సహా ముద్రించి పెట్టుకోండి. గడువు తేదీని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఈ తగవు సాగుతుండగా అతను రెన్యువల్ కట్టకుండా వదిలేస్తే పేరు మూడోవారి చేతికి పోయే ప్రమాదం ఉంది.

తరువాత ఆధారాలు సమకూర్చుకోండి. మీరు ఇచ్చిన డబ్బుకు బిల్లులు, యూపీఐ రసీదులు, మా దుకాణానికి డొమైన్ తీసుకోమని మీరు చెప్పినట్టు తెలిపే వాట్సాప్ సందేశాలు, ఈమెయిళ్లు, దుకాణం పేరుతో ఉన్న జీఎస్టీ రిజిస్ట్రేషన్, పాత బిల్లు పుస్తకాలు, పత్రికా ప్రకటనలు అన్నీ ఒక ఫైలులో పెట్టండి. మీ నాన్నగారి కాలం నాటి బిల్లు పుస్తకం ఇక్కడ చాలా విలువైన కాగితం.

అప్పుడు అతనికి రాతపూర్వకంగా రెండు కోరికలు కోరండి: రిజిస్ట్రెంట్ పేరును మీ పేరిట మార్చడం, డొమైన్‌ను మీ ఖాతాకు బదిలీ చేయడం. అదే రిజిస్ట్రార్ దగ్గర మీరు కూడా ఖాతా తెరిస్తే ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు మార్చడం సాధారణంగా త్వరగా అయిపోతుంది. వేరే రిజిస్ట్రార్‌కు తీసుకువెళ్లాలంటే మొదట డొమైన్ మీద ఉన్న ట్రాన్స్‌ఫర్ లాక్ తీయాలి, తరువాత ఆథ్ కోడ్ అనే రహస్య సంకేతం కావాలి. రిజిస్ట్రెంట్ కోరిన 5 రోజుల్లోగా ఆ కోడ్‌ను రిజిస్ట్రార్ ఇవ్వాలన్నది ఐకాన్ నియమం. కొత్తగా నమోదైన డొమైన్‌ను గానీ, ఇటీవల బదిలీ అయిన డొమైన్‌ను గానీ 60 రోజుల దాకా మళ్లీ మార్చడానికి వీలుండదు. రిజిస్ట్రెంట్ పేరు మార్చినప్పుడు కూడా ఇటువంటి 60 రోజుల లాక్ పడవచ్చు. అందువల్ల ఏది ముందు చేయాలో రిజిస్ట్రార్‌ను అడిగి తెలుసుకున్న తరువాతే మొదలుపెట్టండి. అతనికి నిజంగా రావలసిన పాత బాకీ ఏదైనా ఉంటే దాన్ని చెల్లించి రసీదు తీసుకోండి. దానికి మించి అడిగే మొత్తం ఇవ్వాలా వద్దా అన్నది వకీలుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

రిజిస్ట్రార్‌కు నేరుగా ఫిర్యాదు చేయవచ్చా అంటే, చేయవచ్చు, కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. రిజిస్ట్రార్ న్యాయస్థానం కాదు. చిట్టాలో ఎవరి పేరు ఉంటే వారి మాటనే వింటాడు. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే రెండు దారులు ఉన్నాయి.

మొదటిది మధ్యవర్తి విచారణ. డాట్ కామ్ వంటి పేర్లకు 1999లో ఐకాన్ ఆమోదించిన యూడీఆర్‌పీ అనే విధానం ఉంది. పేరు మీ ట్రేడ్‌మార్క్‌తో సమానంగా లేదా తికమక పెట్టేంత దగ్గరగా ఉందని, అవతలివారికి దానిపై న్యాయమైన హక్కు లేదని, చెడు ఉద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నారని మీరు నిరూపించాలి. గెలిస్తే పేరు రద్దు కావడమో, మీకు బదిలీ కావడమో జరుగుతుంది. నష్టపరిహారం మాత్రం రాదు. డాట్ ఇన్ పేర్లకు నిక్సీ నడిపే ఐఎన్‌డీఆర్‌పీ అనే విధానం ఉంది, దాని కింద నియమితుడైన మధ్యవర్తి ఇచ్చే తీర్పు 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టానికి లోబడి ఉంటుంది. అయితే మీ తగవు పనిచేసినవారికీ పని చేయించుకున్నవారికీ మధ్య ఉన్న ఒప్పందం గురించినది. ఇటువంటివాటిలో యూడీఆర్‌పీ ప్యానెళ్లు తరచుగా ఇది సివిల్ కోర్టు తేల్చవలసిన వివాదమని చెప్పి పక్కన పెడతాయి.

రెండో దారి కోర్టు. ఇందులో మీకు ధైర్యం కలిగించే తీర్పు ఒకటి ఉంది. 2004లో సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సొల్యూషన్స్ మధ్య వివాదంలో సుప్రీంకోర్టు, డొమైన్ పేరుకు వ్యాపార చిహ్నానికి ఉండే లక్షణాలన్నీ ఉండవచ్చునని, ఒకరి పేరును వాడి కొనుగోలుదారులను తప్పుదారి పట్టించేవారిపై పాసింగ్ ఆఫ్ సూత్రం కింద రక్షణ పొందవచ్చునని చెప్పింది. సత్యం ఇన్ఫోవే వాడుతున్న సిఫీ అన్న పేరులో ఎఫ్ అక్షరాన్ని ఇంకొకటి చేర్చి వాడటం ఆ వివాదానికి కారణం. పాసింగ్ ఆఫ్‌కు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చాలాకాలంగా మీరు ఆ పేరుతో వ్యాపారం చేస్తున్నారన్న ఆధారం కావాలి. ఆ ఆధారం మీ దగ్గర ఉంది.

ఈలోగా చేయవలసిన పనులు రెండు. అదే పేరుతో వేరే టీఎల్‌డీ ఖాళీగా ఉంటే ఈరోజే మీ పేరిట నమోదు చేసుకుని, దుకాణంలో, బిల్లుల మీద దాన్ని చూపించడం ప్రారంభించండి. దుకాణం పేరుకు ట్రేడ్‌మార్క్ కోసం దరఖాస్తు చేయండి. ట్రేడ్‌మార్క్ వర్గీకరణలో నగలు 14వ తరగతి కిందికి వస్తాయి. మన రాష్ట్రం చెన్నై ట్రేడ్‌మార్క్ కార్యాలయం పరిధిలో ఉన్నా, దరఖాస్తును ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు.

ప్రశ్న (ఆదోని నుంచి పత్తి వ్యాపారి): మా డొమైన్ గడువు నెలన్నర కిందటే తీరిపోయిందని, రిజిస్ట్రార్ నుంచి వచ్చిన ఈమెయిళ్లు ఎవరూ చూడలేదని ఇప్పుడు తెలిసింది. పేరు పోయినట్టేనా?

జవాబు: ఇంకా పోకపోవచ్చు, కానీ ఈ ఉత్తరం చదివిన వెంటనే రిజిస్ట్రార్‌ను సంప్రదించండి. డాట్ కామ్ వంటి పేర్లలో గడువు తీరిన తరువాత 45 రోజుల వరకు గ్రేస్ పీరియడ్ ఇవ్వడానికి వీలుంది, అది ఎన్ని రోజులన్నది రిజిస్ట్రార్ ఇష్టం. ఆ కాలంలో మామూలు రెన్యువల్ రుసుముతో పేరు నిలబెట్టుకోవచ్చు, వెబ్‌సైట్ మాత్రం అప్పటికే ఆగిపోయి ఉండవచ్చు. ఆ తరువాత పేరును రిజిస్ట్రార్ తొలగిస్తే 30 రోజుల రిడెంప్షన్ దశ మొదలవుతుంది. అప్పుడు కూడా అది మీకే దక్కుతుంది, కానీ మామూలు రుసుము కన్నా చాలా ఎక్కువ కట్టాలి. అది కూడా దాటితే 5 రోజుల పెండింగ్ డిలీట్ దశ వస్తుంది, అందులో ఎవరూ ఏమీ చేయలేరు. ఆరో రోజు నుంచి ముందుగా అడిగినవారిదే పేరు. పాత పేర్ల కోసం కాచుకుని ఉండి, విడుదలైన క్షణంలోనే పట్టేసే కంపెనీలు ఉన్నాయి. కొందరు రిజిస్ట్రార్లు గ్రేస్ కాలంలోనే పేరును వేలానికి పెడతారు కాబట్టి ఇంకా రోజులు ఉన్నాయని ఊరుకోవడం మంచిది కాదు.

గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు తీరిన 5 రోజుల్లోగా మరొకసారి రిజిస్ట్రార్ గుర్తుచేయాలన్నది ఐకాన్ నియమం. అవి ఖాతాలో ఉన్న ఈమెయిల్‌కే వస్తాయి. ఉద్యోగం మానేసిన గుమాస్తా ఈమెయిల్ ఇచ్చి ఉంటే దాన్ని ఈరోజే మార్చండి. అలాగే ఆ డొమైన్ మీద నడిచే ఈమెయిల్‌నే ఖాతాకు ఇవ్వకండి. డొమైన్ ఆగిపోతే ఆ ఈమెయిల్ కూడా ఆగిపోతుంది, ఓటీపీ వచ్చే దారి కూడా ఉండదు.

ప్రశ్న (తాడిపత్రి నుంచి ఒక పాఠకుడు): డాట్ ఇన్ డొమైన్ నమోదు చేసుకున్న మరునాటి నుంచి వెబ్‌సైట్ చేస్తాము, లోగో చేస్తాము అని ఫోన్లు వస్తున్నాయి. నా నంబరు వారికి ఎలా తెలిసింది?

జవాబు: రిజిస్ట్రెంట్ వివరాలు మొదటి నుంచీ బహిరంగంగా ఉండేవి. 2018లో యూరప్ వ్యక్తిగత సమాచార చట్టం అమలులోకి వచ్చిన తరువాత డాట్ కామ్ వంటి పేర్లలో వాటిని దాచడం మొదలైంది. డాట్ ఇన్‌లో అసలు రిజిస్ట్రెంట్ స్థానంలో వేరొకరి వివరాలు చూపించే ప్రైవసీ సేవలను నిక్సీ అనుమతించదు. ఫోన్ల బాధ తప్పించుకోవాలంటే డొమైన్ కోసం వేరే నంబరు పెట్టుకోండి. తప్పుడు పేరు, తప్పుడు నంబరు మాత్రం ఇవ్వకండి. వివరాలు నిజం కాదని తేలితే డొమైన్‌ను నిలిపివేసే అధికారం నిక్సీకి ఉంది, తగవు వస్తే మీదేనని నిరూపించుకునే ఆధారం కూడా మీకు ఉండదు.

ప్రశ్న (కర్నూలు నుంచి తెలుగు ఉపాధ్యాయురాలు): తెలుగు అక్షరాలతోనే వెబ్ చిరునామా పెట్టుకోవచ్చని విన్నాను. నిజమేనా? మా పాఠశాలకు పెట్టుకుంటే ఇబ్బందులు ఉంటాయా?

జవాబు: నిజమేనమ్మా. మొదట ఏడు భారతీయ భాషలకు వారి వారి లిపిలో టీఎల్‌డీలు లభించాయి, వాటిలో తెలుగు కూడా ఉంది. మన టీఎల్‌డీ డాట్ భారత్, తెలుగు లిపిలోనే. ఇప్పుడు రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ ఈ వసతి ఉంది, నిర్వహణ నిక్సీదే. డీఎన్‌ఎస్‌కు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్ తప్ప మరేవీ తెలియవు. అందుకని మనం తెలుగులో టైపు చేసిన పేరును బ్రౌజర్ ప్యూనీకోడ్ అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల వరుసగా మార్చి పంపుతుంది. ఎక్స్, ఎన్, రెండు హైఫన్లతో మొదలయ్యే అర్థంకాని పేరు ఎక్కడైనా కనిపిస్తే అది ఇటువంటి మారురూపమని గుర్తించండి.

బ్రౌజర్లలో తెలుగు చిరునామా బాగానే పనిచేస్తుంది. ఈమెయిల్ చిరునామాగా వాడితేనే చిక్కు. అనేక దరఖాస్తు ఫారాలు, యాప్‌లు తెలుగు అక్షరాల ఈమెయిల్‌ను ఇప్పటికీ చెల్లదని తిప్పికొడతాయి. పిల్లల తల్లిదండ్రులు తెలుగులో టైపు చేయగలరా అన్నది కూడా ఆలోచించాలి, అయితే క్యూఆర్ కోడ్‌లో పెట్టి ఇస్తే ఆ ఇబ్బంది లేదు. ఇంగ్లీషు లిపిలో ఒక పేరు, తెలుగు లిపిలో ఒక పేరు తీసుకుని రెండూ ఒకే సైటుకు చేరేటట్టు పెట్టుకోండి. మన లిపిలో ఉన్న పేర్లు వాడేవారు పెరిగితేనే యాప్‌లు తయారుచేసేవారు వాటిని పట్టించుకుంటారు కాబట్టి, మీ పాఠశాల ఆ పని చేస్తే మాకు ఎంతో సంతోషం.

ప్రశ్న (అనంతపురం నుంచి విశ్రాంత ఉద్యోగి): పెన్షన్ ఖాతా కేవైసీ గురించి వచ్చిన సందేశంలో లింకు ఉంది. అందులో మా బ్యాంకు పేరు స్పష్టంగా కనిపిస్తోంది. నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి, దాని మీద నొక్కకండి. చిరునామాలో బ్యాంకు పేరు ఉండటం ముఖ్యం కాదు, ఎక్కడ ఉందన్నది ముఖ్యం. డొమైన్ పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదట జంటగా వచ్చే రెండు అడ్డగీతలను, అంటే స్లాష్ గుర్తులను, వదిలేసి, ఆ తరువాత వచ్చే మొదటి ఒంటి అడ్డగీత దగ్గర ఆగండి. అడ్డగీత లేకపోతే చిరునామా చివరికే వెళ్లండి. అక్కడి నుంచి ఎడమవైపుకు చదివితే మొదట టీఎల్‌డీ, దాని పక్కన అసలు నమోదైన పేరు వస్తాయి; కో డాట్ ఇన్ వంటి విభాగమైతే ఆ విభాగానికి ఎడమ పక్కన ఉన్నది అసలు పేరు. ఇంకా ఎడమవైపున చుక్కలతో ఉండే భాగాలన్నీ సబ్‌డొమైన్లు. వాటిని డొమైన్ ఉన్నవారు ఎవరి అనుమతీ లేకుండా తమకు తోచినట్టు సృష్టించుకోవచ్చు. కేవైసీ హైఫన్ అప్‌డేట్ అనే పేరుతో ఒక మోసగాడు డాట్ కామ్ నమోదు చేసుకుంటే, దాని ముందు మీ బ్యాంకు పేరు చేర్చి చుక్క పెట్టడం అతనికి నిమిషం పని. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉందన్నది కూడా నమ్మకానికి ఆధారం కాదు. మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారం వెళుతోందని మాత్రమే దాని అర్థం, అవతల ఉన్నది మోసగాడైనా ఆ తాళం కనిపిస్తుంది.

ఈ మోసాలను దృష్టిలో పెట్టుకునే రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరిలో బ్యాంకులకు మాత్రమే లభించే బ్యాంక్ డాట్ ఇన్ అనే విభాగాన్ని ప్రకటించింది. దాని కింద పేర్లు నమోదు చేసే ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా అందులోకి మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. కాబట్టి మీ బ్యాంకు వెబ్‌సైట్ తెరిచినప్పుడు మొదటి ఒంటి అడ్డగీతకు ముందు బ్యాంక్, చుక్క, ఇన్ అని ముగుస్తోందో లేదో చూడండి. బ్యాంక్ అన్న మాటకూ ఇన్ అన్న మాటకూ మధ్య చుక్క కాకుండా హైఫన్ ఉన్నా, ఆ తరువాత మరో చుక్క, మరో మాట ఉన్నా అది మీ బ్యాంకు కాదు. ఇప్పటికే లింకు నొక్కి వివరాలు ఇచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాలపై ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేసి, ఆ వెంటనే మీ శాఖకు వెళ్లి ఖాతాను స్తంభింపజేయించండి.